కారు తిరగట్లేదా? సెటప్ జోలికి వెళ్లకముందు బ్రేక్ బార్ చూడండి

“అన్నా, ఈ కారు అస్సలు తిరగట్లేదు. మంచి సెటప్ ఉంటే పంపవా?”

బెంగళూరులో సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో స్టీరింగ్ వీల్, పెడల్స్‌తో ఆడే కారు రేసు) ఆడే మన తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో వారం తిరక్కుండా వచ్చే మెసేజ్ ఇది. సెటప్ అంటే గేమ్‌లో కారు రెక్క, టైరు గాలి, బ్రేకుల లాంటివి మార్చుకునే అమరిక. నేను ఎదురు అడిగేది ఒక్కటే. పెడల్స్ మీంచి కాళ్లు తీసేస్తే స్క్రీన్ మీద బ్రేక్ బార్ (బ్రేకు ఎంత తొక్కారో చూపే గీత) ఎంత చూపిస్తోంది? దానికి జవాబు రాదు. రెండు రోజులాగి అదే మనిషి ఇంకో కారు డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా కొని చేర్చుకునే భాగం) కొన్నానని స్క్రీన్‌షాట్ పెడతాడు.

వీల్ కనెక్ట్ చేయడం, బటన్లు సెట్ చేసుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఉదాహరణలన్నీ దాదాపు అసెట్టో కోర్సా కాంపెటిజియోనె అనే రేసింగ్ గేమ్ నుంచే ఇస్తాను. మా గ్రూపులో ఎక్కువమంది ఆడేది అదే. వేరే గేమ్ అయితే మెనూలు మారతాయి, కారు ఏడిపించే పద్ధతి మాత్రం మారదు.

ముందు చేయాల్సిన పని, అందరూ వదిలేసే పని

మీరు మార్చుకున్న సెటప్, యూట్యూబ్‌లో దొరికిన సెటప్, డబ్బు పెట్టి కొన్న సెటప్ అన్నీ పక్కన పెట్టండి. గేమ్ తనంతట తాను ఇచ్చే సేఫ్ ప్రీసెట్ లోడ్ చేయండి. ఎండ వాతావరణం, తక్కువ పెట్రోలు, బాగా తెలిసిన ట్రాక్. మోంజా అయితే మరీ మంచిది, పొడవాటి స్ట్రెయిట్లు ఉంటాయి కాబట్టి లోపం దాక్కోలేదు. నాలుగైదు ల్యాపులు తిప్పండి. తర్వాత స్వభావం వేరుగా ఉండే ఇంకో కారు తీసుకుని అదే పని చేయండి. ముందు ఇంజిన్ ఉన్న బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3 నడిపితే, రెండోసారి వెనక ఇంజిన్ ఉన్న పోర్షె 911 జీటీ3 ఆర్ నడపండి.

రెండింట్లోనూ అదే రోగం కనిపిస్తే తప్పు కారుది కాదు, సెటప్‌ది అంతకన్నా కాదు. మీ కాళ్ల కింద చూసుకోండి.

లక్షణం: మలుపులో ముక్కు తిరగదు, స్ట్రెయిట్‌లో అందరూ దాటిపోతారు

ఈ రెండూ కలిసి వచ్చాయా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. వింగ్ (గాలి బలంతో కారును నేలకు అదిమే వెనక రెక్క) ఎక్కువ పెడితే స్ట్రెయిట్‌లో నెమ్మదిస్తారు, కానీ వేగంగా తిరిగే మలుపుల్లో కారు అతుక్కుని ఉంటుంది. వింగ్ తగ్గిస్తే ఫలితం తిరగబడుతుంది. అంటే సెటప్‌లో ఒకటి పోతే ఒకటి దక్కాలి. రెండూ పోతున్నాయంటే కారును ఏదో వెనక్కి లాగుతోంది. ఆ లాగేది నూటికి తొంభై సార్లు మీ బ్రేక్ పెడలే. మీరు తొక్కకపోయినా అది రెండు శాతమో నాలుగు శాతమో తొక్కినట్టు గేమ్‌కు చెబుతూ ఉంటుంది. బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటున్న సైకిల్‌ను తొక్కినట్టే, ముందుకు పోతుంది కానీ ప్రాణం తీస్తుంది.

అంత చిన్న అంకె ఇంత నష్టం ఎలా చేస్తుందంటారా? టైరుకు ఉన్న పట్టు ఒకటే. దాన్నే బ్రేకుకూ తిరగడానికీ పంచుకోవాలి. జీటీ3 కార్లలో (రోడ్డు కార్ల నుంచి తయారుచేసే రేసు కార్లివి) బ్రేక్ బయాస్, అంటే ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే పాళ్లు, చాలావరకు ముందువైపు మొగ్గి ఉంటుంది కాబట్టి ఆ మిగులు బ్రేకులో పెద్ద వాటా ముందు టైర్ల మీదే పడుతుంది. మీరు బ్రేక్ వదిలి స్టీరింగ్ తిప్పుతున్నాననుకుంటారు, ముందు టైర్లు మాత్రం ఇంకా బ్రేకు పనిలోనే ఉంటాయి. ల్యాపంతా బ్రేకు రాసుకోవడంతో డిస్కులు చల్లబడవు. ఆ వేడి రిమ్ములోంచి టైరుకు ఎక్కి గాలి ఒత్తిడి పెరుగుతుంది. పెరిగేసరికి పట్టు ఇంకా తగ్గుతుంది. ఏబీఎస్ లైటు కూడా వెలగదు, ఎందుకంటే చక్రం లాక్ అయ్యేంత బ్రేకు కాదిది.

ఇక్కణ్ణుంచి జనం చేసే పనులు చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. డిస్కులు వేడెక్కాయని బ్రేక్ డక్టులు (బ్రేకులకు చల్లగాలి పంపే దారులు) పూర్తిగా తెరుస్తారు. ముందు టైరు ప్రెషర్ ఎక్కువైందని గాలి తగ్గిస్తారు. ముక్కు తిరగలేదని ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) మెత్తబరుస్తారు. స్ట్రెయిట్‌లో వెనకబడ్డామని వింగ్ దించేస్తారు. అన్నిటికన్నా ఘోరం, బయాస్‌ను వెనక్కి జరపడం. దాంతో మిగులు బ్రేకు వెనక చక్రాలకు కూడా దండిగా చేరి, మలుపు మొదట్లోనే తోక తిరిగిపోతుంది. పొద్దున తిరగని కారు సాయంత్రానికి నిలబడని కారవుతుంది. “ఈ కారే చెత్త” అనే తీర్పు వచ్చేది ఇక్కడే. నిజానికి అన్ని కార్లలో ఉన్న ఆ లోపం, బయాస్ వేరుగా ఉన్న కారులోకి మారగానే కొంచెం తక్కువ కనిపిస్తుంది. అందుకే డీఎల్‌సీ కొన్నవాడు రెండు రోజులు సంతోషంగా ఉంటాడు.

నన్నూ ఇది చాలాకాలం తిప్పలు పెట్టింది. దానికి కారణం ఒకటే. మెనూలో చూసినప్పుడు బార్ సున్నా మీదే ఉంటుంది. చవక పెడల్స్‌లో ఉండే పొటెన్షియోమీటర్ (పెడల్ ఎంత కదిలిందో కొలిచే భాగం) లోపల ఒక పలుచని పట్టీ మీద చిన్న మొన జరుగుతూ ఉంటుంది. దుమ్ము పడ్డ చోటికి మొన వచ్చి ఆగినప్పుడే తప్పు అంకె వస్తుంది. నెమ్మదిగా ఒకసారి తొక్కి వదిలితే సున్నాకు వస్తుంది, రేసులో గట్టిగా తొక్కి టక్కున వదిలితే రెండు శాతం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఒక్కసారి చూసి “నాకు బాగానే ఉంది” అని సర్టిఫికెట్ ఇచ్చుకోకండి.

పరీక్ష ఇలా చేయండి. విండోస్ సెర్చ్‌లో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొట్టి మీ వీల్ ప్రాపర్టీస్ తెరవండి. గేమ్ మూసేసి ఉండాలి. బ్రేకును రేసులో తొక్కినంత బలంగా వరసగా తొక్కుతూ వదులుతూ, వదిలిన ప్రతిసారీ బార్ ఎక్కడ ఆగుతోందో చూడండి. ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. ఒకసారి సున్నా, ఒకసారి వెంట్రుకవాసి పైన అయితే దొంగ దొరికినట్టే. యాక్సిలరేటర్‌కు కూడా ఇదే పరీక్ష, కాకపోతే అటు చివర చూడండి. నేలకు నొక్కినా 97 దగ్గరే ఆగిపోయే పెడల్ ఉంటే ఏ సెటప్పూ మీకు స్ట్రెయిట్ స్పీడ్ తెచ్చిపెట్టలేదు.

ఇక్కడ బార్ శుభ్రంగా ఉందనుకోండి, అప్పుడు రెండో పరీక్ష. మీ రీప్లే పెట్టి, స్ట్రెయిట్ మధ్యలో బ్రేక్ బార్ చూడండి. కాంపెటిజియోనె మోటెక్ ఫైళ్లు (ల్యాపులో ఎక్కడ ఎంత తొక్కారో దాచిపెట్టే రికార్డు) కూడా రాస్తుంది, సెటప్‌లో ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ ల్యాపులు ఆన్ చేస్తే చాలు. కాళ్లు తీస్తే సున్నా, నడుపుతుంటే మాత్రం మూడు శాతం అని తేలితే తప్పు పెడల్‌ది కాదు, మీ ఎడమ కాలిది. సిల్క్ బోర్డు జంక్షన్‌లో రోజూ గంటసేపు క్లచ్ మీద కాలు ఆనించి కూర్చునే మనిషి ఇంటికొచ్చి ఎడమ కాలితో బ్రేక్ తొక్కుతున్నాడు. ఆ కాలికి పెడల్ మీద విశ్రాంతి తీసుకోవడం అలవాటు. లోడ్ సెల్ పెడల్ కొన్న కొత్తలో ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అది కదలికను కాదు, బరువును కొలుస్తుంది. పాదం ఊరికే ఆనినా దానికి బ్రేకే.

ఇక మందు. అలవాటు వల్ల అయితే పెడల్ మొదట్లో కొంచెం డెడ్ జోన్ (తొక్కినా గేమ్ పట్టించుకోని భాగం) పెట్టండి. పెడల్ సాఫ్ట్‌వేర్‌లోనో గేమ్‌లోనో ఆ సౌకర్యం ఉంటుంది. కాలు ఆనినప్పుడు వచ్చే అంకెకు ఒక్క శాతం ఎక్కువ చాలు. పది శాతం పెట్టేవాళ్లను చూశాను, మలుపులోకి వెళ్తూ బ్రేకును కొద్దికొద్దిగా వదిలే నేర్పంతా అక్కడే పోతుంది.

దుమ్ము వల్ల అయితే డెడ్ జోన్ వాయిదా మాత్రమే. వచ్చే నెలకు రెండు శాతం కాస్తా ఆరవుతుంది. ఎస్పీ రోడ్డులో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టులో అడిగినా కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఇస్తారు, చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే మాత్రం కొట్టకండి, లోపల జిగురు మిగిలి మళ్లీ దుమ్ము పడుతుంది. యూఎస్‌బీ, కరెంటు రెండూ పీకేసి, కింది స్క్రూలు విప్పితే పెడల్ పక్కన మూడు తీగలున్న చిన్న గుండ్రటి డబ్బీ కనిపిస్తుంది. తీగలు బయటికొచ్చే చోట సన్నటి సందు ఉంటుంది. అందులోకి గొట్టం పెట్టి కొంచెం కొట్టి, పెడల్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి చాలాసార్లు ఆడించండి. బాగా ఆరాకే బిగించండి. సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో చుట్టూ కట్టడాలే కాబట్టి ఈ పని తరచూ పడుతుంది. చెన్నై వేళచ్చేరిలో మా బావమరిది పెడల్స్ విప్పితే దుమ్మే లేదు, స్క్రూలు మాత్రం తుప్పు పట్టి కూర్చున్నాయి.

శుభ్రం చేశాక కాలిబ్రేషన్ (పెడల్ మొదలు, చివర ఎక్కడో గుర్తుపెట్టుకునే లెక్క) రీసెట్ చేసి, ప్రతి పెడల్‌నూ చివరిదాకా ఒకసారి తొక్కి వదలండి. వీల్ ప్లగ్ చేసేటప్పుడు పెడల్ మీద కాలు ఉండకూడదు. తర్వాత మీరు ఇన్నాళ్లూ కష్టపడి తయారుచేసుకున్న సెటప్ ఫైళ్లన్నీ డిలీట్ చేయండి. అవి లేని జబ్బుకు వేసుకున్న మందులు. సేఫ్ ప్రీసెట్ నుంచి మొదలుపెట్టి, ముందు బయాస్, తర్వాత టైరు ప్రెషర్, ఆ తర్వాతే మిగతావి.

లక్షణం: మూడు ల్యాపులు బాగుంటుంది, తర్వాత జారుతుంది

గాలి ఒత్తిడి. ఇంకేమీ కాదు. కాంపెటిజియోనెలో పొడి ట్రాక్ మీద జీటీ3 టైరు వేడెక్కాక 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య ఉండాలి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 1.9 వెర్షన్‌కు ముందు ఈ లక్ష్యం 27.5 దరిదాపుల్లో ఉండేది. పాత వీడియోలు, పాత సెటప్ ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటిని లోడ్ చేసుకుంటే టైరు బెలూన్ అవుతుంది. సెటప్‌లో మీరు పెట్టేది చల్లటి టైరు ఒత్తిడి. అవతలివాడు 18 డిగ్రీల్లో చేసిన సెటప్‌ను మీరు 30 డిగ్రీల సెషన్‌లో వాడితే ఒక పీఎస్ఐకి పైగా తేడా వస్తుంది. డిగ్రీకి 0.1 పీఎస్ఐ అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది, గేమ్‌లో ఒక క్లిక్కు కూడా అంతే. నాలుగు ల్యాపులు తిరిగి, తెర మీద వేడి ఒత్తిడి చూసి, ఎక్కువైనంత తగ్గించండి. ఇది గేమ్‌లోని వాతావరణం సంగతి. మీ గదిలో ఏసీ 18కి పెట్టినా ట్రాక్ చల్లబడదు. ఈ ప్రశ్న నన్ను నిజంగానే అడిగారు.

సెటప్ ఫైలులో పెట్రోలు కూడా సేవ్ అవుతుంది. క్వాలిఫైయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు) సెటప్‌తో రేసుకు వెళ్లి మధ్యలో ఆగిపోయేవాళ్లు, రేసు సెటప్‌తో క్వాలిఫైయింగ్‌లో బరువు మోసేవాళ్లు ప్రతి లీగులోనూ ఉంటారు.

లక్షణం: ఒక్క కారులోనే తోక తిరుగుతుంది

మిగతా కార్లలో బాగుండి ఇందులోనే వస్తే అది ఆ కారు గుణం. పోర్షెలో ఇంజిన్ వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ టక్కున వదిలితే బరువు ముందుకు దూకి వెనక తేలికవుతుంది, తోక తిరుగుతుంది. దానికి సెటప్‌లో మందు వెతక్కండి. కాలు మెల్లగా వదలడం నేర్చుకోండి, లేదా బీఎండబ్ల్యూ, ఆస్టన్ మార్టిన్ లాంటి ముందు ఇంజిన్ కారు తీసుకోండి. ల్యాప్ టైమ్ పట్టికలో పైనున్న కారు కన్నా, మీరు వరసగా పది ల్యాపులు రోడ్డు మీదే ఉంచగల కారు మేలు.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1న చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట ఫార్ములా 4 కార్లు పరుగెత్తినప్పటి నుంచి మా పిల్లలకు ఫార్ములా కారే కావాలి. తప్పేం లేదు. కానీ ఎఫ్4లో ఏబీఎస్ ఉండదు, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరగకుండా ఆపేది) ఉండదు. ముందు చక్రం లాక్ అయిందంటే అది కారు లోపం కాదు, మీ కాలు. ఐరేసింగ్ అనే ఇంకో గేమ్‌లో మొదటినుంచీ చేతికిచ్చే మాజ్డా ఎంఎక్స్-5తో కొన్నాళ్లు తిరిగితే ఈ పాఠం చవకగా వస్తుంది.

లక్షణం: స్టీరింగ్ మరీ చురుకు, లేదా మొద్దు

వీల్ డ్రైవర్‌లో (వీల్ సాఫ్ట్‌వేర్‌లో) వీల్ తిరిగే కోణం 900 డిగ్రీలు ఉండి గేమ్‌లో ఇంకో అంకె ఉంటే ఇదే జరుగుతుంది. రెండు చోట్లా ఒకటే పెట్టండి. అంకెలు సరిపోయినా మలుపులో వీల్ గోడలా బిగుసుకుని ఏమీ చెప్పకపోతే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గెయిన్ (వీల్ చేతికి ఇచ్చే బలం) ఎక్కువైంది, మోటారు తన బలం చివరికి వచ్చేసింది. తగ్గించండి. చేతికి బరువు తగ్గుతుంది, సమాచారం పెరుగుతుంది.

మిగిలినవి అరుదు. పాత సాఫ్ట్‌వేర్‌లో రెండు పెడల్స్‌నూ కలిపి ఒకే యాక్సిస్‌గా చూపే టిక్కు ఉంటే తీసేయండి. యూఎస్‌బీ హబ్ వదిలి నేరుగా కంప్యూటర్‌కు గుచ్చండి. గుద్దుకున్నాక రిపేరు చేయించకుండా పిట్ నుంచి బయటికి వచ్చి “కారు ఒక పక్కకు లాగుతోంది” అనేవాళ్లకు నా దగ్గర మందు లేదు.