వానాకాలంలో చేపల తొట్టికి కుళాయి నీళ్లు పోసే ముందు

వేసవంతా ఒక అలవాటులో ఉండిపోతాం. ఆదివారం పొద్దున్న తొట్టిలో నాలుగో వంతు నీళ్లు తీసెయ్యడం, రాత్రి పట్టి ఉంచిన బకెట్ నీళ్లు పోసెయ్యడం. చేపలకి ఏమీ కాదు. జూలైలో అదే బకెట్, అదే కుళాయి. కానీ పోసిన గంటకే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తూ ఉంటాయి.

విశాఖకి నీళ్లు ఒక్క చోటి నుంచి రావు. తాటిపూడి, రైవాడ, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, ఏలేరు కాలవ... గట్టి వాన పడితే వీటిలోకి ఎర్రమట్టి, చెత్తాచెదారం కొట్టుకొస్తాయి. బురద తేర్చడానికి పటిక, రోగాలు రాకుండా క్లోరిన్ ఎక్కువ వెయ్యక తప్పదు. అది మన మంచికే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అంత తక్కువైతే మన ముక్కుకి తెలియను కూడా తెలియదు. చేపల మొప్పలకి మాత్రం అందులో పదో వంతు ఎక్కువ సేపు తగిలినా హానే.

అయితే నా చేపలు పోయింది మున్సిపాలిటీ నీళ్ల వల్ల కాదు, మా అపార్ట్‌మెంట్ డాబా మీది ట్యాంకు వల్ల. వానల ముందు ట్యాంకు కడిగించారు. నాకు తెలియదు. మూడు గోల్డ్ ఫిష్‌లు మధ్యాహ్నానికి ఒంటి నిండా తెల్లటి జిగురుతో అడ్డంగా తిరిగిపోయాయి. కిందకి దిగి వాచ్‌మన్‌ని అడిగితే, "ట్యాంకు కడిగీసి బ్లీచింగ్ కూడా ఏసీసేను బాబూ, ఇంక నీళ్లకి డోకా లేదు" అన్నాడు. బ్లీచింగ్ పొడి నీళ్లలో వదిలేది క్లోరినే. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు. అడగాల్సింది నేను. ఇప్పుడు నీళ్లు మార్చే ముందు రోజు వాచ్‌మన్‌కి ఒక ఫోన్ కొడతాను. ట్యాంకు కడిగి ఉంటే కనీసం రెండు మూడు సార్లు అది ఖాళీ అయి నిండేదాకా తొట్టి జోలికి పోను.

వాసన మీద ఆధారపడొద్దు. ఈతకొలనులకి వాడే క్లోరిన్ టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నంత మేర పసుపు రంగు తిరుగుతుంది. లేత పసుపైతే కొంచెం, ముదురు పసుపు దాటి నారింజ రంగులోకి వెళ్తే ఆ రోజుకి నీళ్ల మార్పు మానుకోవడం మేలు. ఆ చుక్కల మందు విషం. పరీక్ష చేసిన నీళ్లు తొట్టిలో కాదు, సింకులో పారబోసి, సీసా పిల్లలకి అందకుండా పెట్టాలి.

క్లోరిన్ పోగొట్టడానికి రెండు దారులు. మొదటిది ఓపిక. వెడల్పు మూతి ఉన్న టబ్బులో పట్టి, ఎయిర్ పంపు రాయి (గాలి బుడగలు వదిలేది) వేసి 24 గంటలు ఉంచితే మామూలు మోతాదు క్లోరిన్ గాలిలోకి పోతుంది. ఇరుకు మూతి డ్రమ్ములో, మూత బిగించి పెడితే అలా పోదు.

రెండోది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. పాత ఫోటో స్టూడియోల డార్క్‌రూముల్లో వాడిన హైపో ఇదే. చేపల షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో చుక్కల సీసాల్లో దొరుకుతుంది. సీసా అయితే దాని మీద రాసిన లెక్కే పాటించండి. స్ఫటికాలు తెచ్చుకునేవాళ్లకి నా లెక్క చెబుతాను. 10 గ్రాములు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కరిగించి రంగు సీసాలో పోసుకుంటాను. 10 లీటర్ల నీటికి అందులోంచి 10 మిల్లీలీటర్లు. లీటరుకి ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నా విరగ్గొట్టడానికి ఇది చాలు. కలిపాక పది నిమిషాలు ఆగి మళ్లీ కిట్‌తో చూస్తాను. ఇంకా పసుపు కనిపిస్తే మరో 10 మిల్లీలీటర్లు. ఆ ద్రావణం నిలవ ఉంటే బలం తగ్గుతుంది కాబట్టి నెలకోసారి కొత్తది కలుపుకుంటాను. ముందు తొట్టిలో నీళ్లు పోసేసి, పైనుంచి మందు చల్లే వాళ్లని చూశాను. బకెట్లోనే కలపాలి.

బీచ్‌కి దగ్గరగా ఉన్న కాలనీల్లో బోరు నీళ్లు వాడేవాళ్లు "మా దాంట్లో క్లోరినే లేదు కదా" అంటారు. నిజమే, కానీ ఉప్పు ఉండొచ్చు. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. దీన్నీ ఒక రోజు ఎయిర్ పంపుతో ఆడించాల్సిందే. నీటిలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ పెన్ను ఒకటి చేతిలో ఉంటే ట్యాంకరు నీళ్లు వచ్చిన రోజు పనికొస్తుంది. తొట్టిలో 300 ఉండి బకెట్లో 900 చూపిస్తే, కలిపేది కొంచెం కొంచెంగా, రెండు మూడు రోజుల్లో.

భయపడి నెలల తరబడి నీళ్లు మార్చకపోవడం ఇంకో తప్పు. పాత తొట్టిలో పీహెచ్ (నీటి పులుపు కొలత, దిగేకొద్దీ పులుపు ఎక్కువ) మెల్లగా దిగిపోయి ఉంటుంది, దాంతో చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా పెద్దగా హాని చెయ్యని రూపంలో దాక్కుని ఉంటుంది. ఒక్కసారి సగం నీళ్లు మార్చి పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కితే విష రూపంలోని అమ్మోనియా దాదాపు తొమ్మిది రెట్లవుతుంది. అందుకే ఇరవై శాతం, ప్రతి వారం.

ఫిల్టర్ స్పాంజీని కుళాయి కింద పెట్టి కడిగేవాళ్లే ఎక్కువ. ఆ జిడ్డులో ఉన్న బాక్టీరియాయే తొట్టిని కాపాడేది, దాన్ని క్లోరిన్ చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి, అదీ మరీ తెల్లగా అయ్యేదాకా కాదు.

తుఫాను హెచ్చరిక వస్తే ముందే రెండు టబ్బుల నీళ్లు పట్టి, క్లోరిన్ తీసి, పలచటి గుడ్డ కప్పి ఉంచుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లూ లేవు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు అలాంటప్పుడు బంగారం. కరెంటు లేనప్పుడు మేత వెయ్యకండి. బాగా మేసిన చేపలు నాలుగైదు రోజులు తిండి లేకున్నా ఉంటాయి. తుఫాను తర్వాత కుళాయిలో వచ్చే మొదటి నీళ్లు, ఎంత తేటగా కనిపించినా, తొట్టికి వద్దు.

ఇంత చూసుకున్నా చేపలు ఒక్కసారిగా పైకొచ్చి రొప్పితే, ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే తొట్టి మొత్తం లెక్కకి హైపో వేసి ఎయిర్ పంపు పూర్తిగా తెరవండి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

నిలవ నీళ్లు అంటే దోమలు కూడా. శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ వచ్చే సిబ్బంది గుడ్డ కప్పని టబ్బు కనిపిస్తే పారబోస్తారు, లేదా లార్వా మందు వేస్తారు. తొట్టిలో రొయ్యలు కూడా పెంచుతుంటే ఆ మందు పడిన నీళ్లు అందులోకి పోయకూడదు. పోయినసారి వాళ్లకంటే ముందే మా అమ్మ ఎవరివో నీళ్లనుకుని మొక్కలకి పోసేసింది. ఇప్పుడు ఆ టబ్బు మీద చాక్‌పీసుతో "చేపలవి" అని రాసి ఉంటుంది.