రేసింగ్ గేమ్ చేసినవాళ్ల పాత ఇంటర్వ్యూలు తిరగేయడం ఎలా?

విజయనగరం నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులు కట్టి ఆడినవాళ్లకు రేసింగ్ గేమ్ అంటే రోడ్ ర్యాష్, నీడ్ ఫర్ స్పీడ్. ప్లేస్టేషన్ గేమ్ గ్రాన్ టూరిస్మో ఆడినవాళ్లు తక్కువే. అది పీసీకి రాలేదు మరి. అయినా పాత ఇంటర్వ్యూలు చదవడం దాంతోనే మొదలుపెట్టండి. మొదటి గేమ్ నుంచీ దాని గురించి మాట్లాడుతున్నది ఒక్కరే, దాన్ని తయారుచేసిన కజునోరి యమౌచి. మాట ఎక్కడ మారిందో ఇట్టే దొరికిపోతుంది.

ముందుగా విడుదల తేదీలు రాసుకోండి, దేశాలవారీగా. మొదటి గేమ్ జపాన్‌లో 1997 డిసెంబర్‌లో, అమెరికాలో 1998 మేలో వచ్చింది. ఈ తేడా చూసుకోకపోతే ఫలానా మాట గేమ్ బయటికి రాకముందు అన్నదో, వచ్చాక అన్నదో తేలదు.

తర్వాత వెతకడం. మూతపడిన సైట్ అడ్రస్ తెలిస్తే పాత వెబ్ పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో కొట్టండి. క్యాలెండర్ వస్తుంది, గుండ్రటి గుర్తు పెట్టి ఉన్న తేదీ నొక్కితే ఆనాటి పేజీ తెరుచుకుంటుంది. ఫొటోలు రాకపోయినా కంగారు పడొద్దు, మనకు కావలసింది మాటలే. అప్పటి మ్యాగజైన్ల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఫైళ్లు బరువు, వైఫై ఉన్నచోటే దించుకోండి.

ఇక అసలు పని. నోట్‌బుక్ పేజీలో మూడు గళ్లు గీయండి: ఎప్పుడన్నారు, ఏమన్నారు, చివరికి ఏమొచ్చింది. ఒక వరుస ఇలా ఉంటుంది. 2004, ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శన. చేతిలో పట్టుకుని ఆడే సోనీ పీఎస్‌పీకి ‘గ్రాన్ టూరిస్మో 4 మొబైల్’ వస్తుందన్నారు. 2009 అక్టోబర్‌లో వచ్చింది, పేరులో 4 లేదు, మొబైలూ లేదు. ఇంకో వరుస: గ్రాన్ టూరిస్మో 4లో ఆన్‌లైన్ రేసులన్నారు, 2004 చివర్లో వచ్చిన డిస్క్‌లో అవి లేవు. నన్నడిగితే పొగడ్తలన్నీ వదిలేసి, ఇలా నెరవేరని మాటలనే ఏరుకోవాలి. ఆ జట్టు ఎక్కడ తడబడిందో వాటిలోనే కనిపిస్తుంది.

గొప్పగా చెప్పే అంకెలనూ తరచి చూడండి. మొదటి గేమ్‌కు ఐదేళ్లు పట్టిందంటారు. 1992లో మొదలైందంటే అప్పటికి ప్లేస్టేషనే మార్కెట్లోకి రాలేదు, అది 1994 డిసెంబర్ మాట. పైగా ఆ నెలలోనే యమౌచి చేసిన మోటార్ టూన్ గ్రాండ్ ప్రీ అనే ఇంకో గేమ్ కూడా విడుదలైంది. కాబట్టి ఐదేళ్లూ ఒకే పని మీద కూర్చున్నారని అనుకోవద్దు.

ఏళ్లు గడిచాక ఇచ్చిన ఇంటర్వ్యూలను చివర్లో చదవండి. గేమ్ హిట్టయ్యాక పాత టెన్షన్ కూడా ముచ్చటగానే చెబుతారు.

నీడ్ ఫర్ స్పీడ్‌తో ఇదే పని కాస్త చిరాకు. 1994లో 3డీఓ అనే గేమ్ కన్సోల్ మీద మొదలయ్యాక స్టూడియోలు మారుతూ వచ్చాయి, మాట్లాడే మనుషులూ మారారు. మోస్ట్ వాంటెడ్ పేరుతోనే రెండున్నాయి: 2005లో బ్లాక్ బాక్స్ చేసింది, 2012లో క్రైటీరియన్ చేసింది. వెతికేటప్పుడు పేరు పక్కన సంవత్సరం కూడా కొట్టండి.