కష్టకాలపు కాగితాలతో కొలాజ్ ఎలా చేయాలి?

కష్టం గట్టెక్కినా దాని తాలూకు కాగితాలు బీరువాలోనే ఉండిపోతాయి. ఆసుపత్రి బిల్లులు, మందుల చీటీలు, బ్యాంకు నోటీసు, ఖాళీ చేసిన ఇంటి కరెంటు రసీదు. పారేయడానికి చేయి రాదు, తీసి చూడటానికి మనసు రాదు. కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మే కొలాజ్, దానికి అవే ముడిసరుకు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలోని హానోవర్‌లో కుర్ట్ ష్విట్టర్స్ అనే చిత్రకారుడు చేసినదీ ఇదే: ట్రామ్ టికెట్లు, పొట్లాల కాగితాలు, చెక్క ముక్కలు ఏరి తెచ్చి అతికించాడు. బొమ్మలు గీయడం రానివారు కూడా మొదలుపెట్టవచ్చు.

ముందుగా గట్టి అట్ట కావాలి. 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవున్న మౌంట్ బోర్డు చాలు. చెన్నైలో ఉంటే ప్యారిస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళ్ళండి. శుభలేఖల దుకాణాల మధ్య రకరకాల కాగితం దొరుకుతుంది. కంటికి నచ్చిందల్లా కొనకండి. కొన్న కాగితం ఎక్కువైతే అట్ట మీద కనిపించేది దుకాణమే, మీరు కాదు.

తర్వాత అన్నింటికీ జిరాక్స్ తీయించండి. బీమాకో పన్నులకో అవసరపడే అసలు పత్రాలను కత్తిరించవద్దు. మందుల షాపులో ఇచ్చే నున్నటి బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్ళకు వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి దానికి జిరాక్స్ తప్పనిసరి. ఇంక్‌జెట్ ప్రింటు తీస్తే జిగురు తగలగానే రంగు కారుతుంది. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో తడిసి ఆల్బమ్‌కు అతుక్కుపోయిన ఫొటోలుంటే లాగకండి, ఉన్నవాటిని ఉన్నట్టే స్కాన్ చేయించండి.

అసలు పని చింపడంలో ఉంది. కత్తెరతో కోస్తే అంచు నిక్కచ్చిగా వస్తుంది. చేత్తో చింపితే అంచు వెంట తెల్లటి పీచు గీత తేలుతుంది. రంగుల కాగితం మీద అది బాగా కనిపిస్తుంది. వార్తాపత్రిక పై నుంచి కిందికి తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా లాగితే వంకరలు పోతుంది. రెండూ వాడుకోండి. నా మటుకు బిల్లులోని మొత్తాన్ని కత్తెరతో కోస్తాను, మిగతాదంతా చేత్తో చింపుతాను. ఖాళీ మాత్రల రేకును చెంచా వెనకవైపుతో చదును చేయండి. దానికి జిగురు సరిగా పట్టదు. అందుకే సూదితో అంచుల్లో రంధ్రాలు పొడిచి, దారంతో అట్టకు కుట్టేయాలి. పాత చీర అంచునూ అలాగే కుట్టవచ్చు.

జిగురు ముట్టుకోకుండా ముక్కలన్నీ పరిచి, ఫోనులో ఫొటో తీసుకుని, ఆ రాత్రికి వదిలేయండి. తెల్లారి చూస్తే ఏది అక్కర్లేదో తెలుస్తుంది. పత్రికల్లోంచి ధైర్యవచనాలు కత్తిరించి అతికించే అలవాటు నాకు గిట్టదు. బాధ గురించి చెప్పాల్సింది మీ చీటీలే చెబుతాయి. ఎవరికీ కనిపించకూడదనుకున్న పేరు మీద పలుచటి టిష్యూ కాగితం అతికించండి, అక్షరాలు లీలగా మాత్రమే కనిపిస్తాయి. ఏదైనా కాగితం చేతిలోకి తీసుకోగానే తట్టుకోలేననిపిస్తే మళ్ళీ కవర్లో పెట్టేయండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం కొలాజ్‌ను నమ్ముకోవద్దు. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇక అతికించడం. రెండు వంతుల ఫెవికాల్‌లో ఒక వంతు నీళ్ళు కలిపి, అట్టకూ ముక్క వెనకకూ కుంచెతో పలుచగా పూయండి. పాత ఏటీఎం కార్డుతో మధ్యలోంచి అంచులకు ఒత్తుతూ గాలి బయటికి తోయండి. మైదా జిగురు చవకే గానీ చెన్నై ఉక్కలో పురుగులను పిలిచి విందు పెట్టినట్టే. ఇక్కడ, ముఖ్యంగా నవంబరు వానల్లో, ఏదీ తొందరగా ఆరదు. అట్ట వంగకుండా వెనకవైపు కూడా ఒక మామూలు కాగితం అతికించి, పైన బటర్ పేపర్ పరిచి, బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. మాత్రల రేకులాంటివి ఉన్నచోట బరువు పెట్టవద్దు.

పూర్తిగా ఆరాక మెరుపు లేని అక్రిలిక్ వార్నిష్ రెండు పూతలు చాలు. ఫ్రేము కట్టేవారికి అద్దం రేకుకు తగలకుండా కాస్త ఎడం వదలమని చెప్పండి. వానకు చెమ్మెక్కే గోడకు తగిలించవద్దు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఇదేమిటో వివరించే ఓపిక లేకపోతే హాలు బదులు పడకగదిలో పెట్టుకోండి.