మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్: దరఖాస్తుకు ముందు చూసుకోవలసినవి

సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, కోస్ట్ గార్డుల నుంచి పదవీ విరమణ చేసినవారి పిల్లలకు, మరణించినవారి భార్యలకు ఉద్దేశించిన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌ను రక్షణ శాఖ కిందుండే కేంద్రీయ సైనిక్ బోర్డు నిర్వహిస్తుంది. ఏటా 5,500 మందిని ఎంపిక చేసి, ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయల లెక్కన ఏడాది మొత్తాన్ని ఒకేసారి విద్యార్థి ఖాతాలో వేస్తారు. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల ఫీజు దీనితోనే తీరిపోదు గాని, పుస్తకాలకు, హాస్టల్ ఖర్చులో కొంత భాగానికి బాగానే ఉపయోగపడుతుంది.

బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, ఎంబీఏ, ఎంసీఏ వంటి వృత్తి విద్యా కోర్సులకే ఇది వర్తిస్తుంది. మామూలు బీఏ, బీఎస్సీలకు, దూరవిద్యకు, విదేశాల్లో చదువుకు వర్తించదు. కోర్సులో చేరడానికి అర్హతగా చూపిన పరీక్షలో, అంటే బీటెక్‌కైతే ఇంటర్‌లో, బీఈడీకైతే డిగ్రీలో, కనీసం 60 శాతం మార్కులుండాలి. దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే చేయాలి కాబట్టి, సీటు ఖాయమైన వారంలోనే కాగితాల పని మొదలుపెట్టడం మంచిది.

ఆ కాగితాల్లో ఎక్కువగా చిక్కు తెచ్చేది పేరు. పదవీ విరమణప్పుడు సైన్యం ఇచ్చే డిశ్చార్జి బుక్కులో పిల్లవాడి పేరు ఇంటిపేరు లేకుండానో, ఒక్క పొడి అక్షరంతోనో ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పుట్టిన తేదీలోనూ ఇలాంటి తేడాలు కనబడుతుంటాయి. వాటిని తండ్రి సర్వీసు వివరాలు భద్రపరచే రికార్డ్ ఆఫీసు ద్వారా సరిచేయించుకోవాలి. అందుకు సమయం పడుతుంది కనుక, పిల్లలు ఇంటర్‌లో ఉండగానే ఈ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఆ తరువాత మాజీ సైనికుడి ధ్రువపత్రంపై జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంతకం, అక్కడ చదువుతున్నట్టు తెలిపే బోనఫైడ్ పత్రంపై కళాశాల ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర తీసుకుని, బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి, అసలు పత్రాలనే స్పష్టంగా స్కాన్ చేసి జతపరచాలి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరనే ఉండి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.

ఎంపికలో యుద్ధంలో అమరులైనవారి, అంగవైకల్యం పొందినవారి కుటుంబాలకు తొలి ప్రాధాన్యం. ఆఫీసర్ స్థాయికి దిగువ ర్యాంకుల్లో పనిచేసిన సాధారణ మాజీ సైనికుల పిల్లలది చివరి వర్గం. మాజీ సైనికుల్లో చాలామంది ఈ వర్గంలోకే వస్తారు కాబట్టి, 60 శాతం దాటితే చాలనుకోకుండా మార్కులు ఎంత ఎక్కువుంటే అంత మేలని పిల్లలకు ముందే చెప్పాలి. ఎంపికయ్యాక కూడా ప్రతి ఏడాదీ కనీసం 50 శాతంతో ఉత్తీర్ణులై రెన్యువల్ చేయించుకోవాలి.

బీఏ, బీఎస్సీ చదివే పిల్లలున్నవారు నిరాశపడనక్కరలేదు. హవల్దార్, అంతకు దిగువ ర్యాంకుల మాజీ సైనికుల ఇద్దరు పిల్లల వరకు, డిగ్రీ పూర్తయ్యేదాకా ఇచ్చే విద్యా గ్రాంటును 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు ఒక్కొక్కరికి నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు పెంచారు. దీనికీ అదే బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి.