గట్టు మీది పూలలో తేనెటీగకు మేతయ్యేవి ఏవో ఎలా కనుక్కోవాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, మామిడి పూత మీద ఉన్నన్నాళ్లూ తేనెటీగలకు లోటుండదు. వేసవిలో వేప, కానుగ, చింత ఆదుకుంటాయి. కష్టమంతా వానాకాలంలోనే. అప్పుడు తేనె పెట్టెలోని ఈగలను నిలబెట్టేవి గట్ల మీదా డొంకల్లోనూ పూసే కలుపు మొక్కలు. అందుకే గడ్డిమందు కొట్టేముందు అక్కడ ఏం పూస్తోందో చూడండి.

ముందు ఈగను గుర్తుపట్టాలి. పువ్వు ముందు గాలిలో కదలకుండా నిలబడే చారల ఈగ తేనెటీగ కాదు. దానికి రెండే రెక్కలు, పొట్టి మీసాలు, ముఖమంతా కళ్లే. తేనెటీగకు నాలుగు రెక్కలు, వంపు తిరిగిన మీసాలు ఉంటాయి. నల్లగా లావుగా ఉండే తుమ్మెద వేరు.

తర్వాత, ఎండెక్కిన పూట ఒకే మొక్క దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఒక ఈగ వాలి లేచిపోతే లెక్కలోకి రాదు. తేనెటీగ ఒక విడతలో సాధారణంగా ఒకే జాతి పూలు తిరుగుతుంది. కాబట్టి పువ్వు తర్వాత పువ్వు అదే మొక్కవి పట్టుకుంటోందంటే అక్కడ దానికి పని ఉన్నట్టే. చాలా పూలలో పుప్పొడి పొద్దున్నే అయిపోతుంది, కాబట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మరోసారి చూడాలి.

అసలు గమనించాల్సింది ఈగ ఏం తీసుకుంటోందని. తల లోపలికి దూర్చి, నాలుక చాచి కాసేపు ఆగితే మకరందం. కేసరాల మీద గబగబా పాకుతూ, వెనక కాళ్లకు ముద్ద కట్టుకుంటుంటే పుప్పొడి. తుమ్మి పువ్వు తెల్లటి పెదవి మీద వాలి తల దూర్చడం చూడండి, అది మకరందం కోసమే. అత్తిపత్తి గులాబీ బంతుల మీద మాత్రం పుప్పొడి కోసమే తిరుగుతుంది. మకరందం లేదని అత్తిపత్తిని తీసిపారేయకండి, పిల్ల పురుగులు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు పుప్పొడిలోనే ఉంటాయి. గడ్డిచామంతి రెండూ ఇస్తుంది, పైగా ఏడాది పొడవునా పూస్తుంది. నాకు ఈ మొక్క మీద ప్రత్యేకమైన గౌరవం.

ఇంకా అనుమానంగా ఉంటే సాయంత్రం మొగ్గల గుత్తికి దోమతెర గుడ్డ వదులుగా కట్టండి. మర్నాడు విప్పి, పువ్వు అడుగున మెరిసే చుక్క ఉందేమో భూతద్దంతో చూడండి. నోట్లో పెట్టుకుని మాత్రం చూడొద్దు, గట్ల మీద ఉమ్మెత్త, గన్నేరు కూడా ఉంటాయి.

చూసింది నోటుబుక్కులో నెలవారీగా రాయండి. ఊరికో పేరుంటుంది గనక ఆకు, పువ్వు, మొక్క మొత్తం కనిపించేలా ఫోటో తీసిపెట్టుకోండి. వానలు తగ్గే రోజుల్లో రేగు పూస్తుంది, ఆ తర్వాత ఏజెన్సీ వైపు వలిసెలు అనే నూనెగింజల పంట. వాటికి ముందున్న నెలల్లో మీ పుస్తకంలో ఏ పేర్లు కనిపిస్తాయో ఆ మొక్కలున్న గట్టును ఒకేసారి కొట్టేయకండి. సగం కోసి, అది మళ్లీ పూతకొచ్చాక మిగతా సగం కోయండి.