డ్రైవ్ అక్షరం మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విండోస్ కంప్యూటర్‌లో డ్రైవ్ అక్షరం (డ్రైవ్‌ను గుర్తించే సి, డి వంటి అక్షరం) మార్చే ముందు, అందులోని ముఖ్యమైన ఫైళ్లను వేరొక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. విండోస్ ఉన్న సి డ్రైవ్ జోలికి మాత్రం వెళ్లకూడదు.

అసలు చిక్కంతా ప్రోగ్రాములతోనే వస్తుంది. డి డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాము తన ఫైళ్ల చిరునామాను ఆ అక్షరంతోనే గుర్తుపెట్టుకుంటుంది కనుక, అక్షరం మారిన తర్వాత డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ నొక్కినా అది తెరుచుకోకపోవచ్చు. అటువంటి డ్రైవ్‌ను అలాగే వదిలేయడం మేలు. ఫొటోలు, సినిమాలు మాత్రమే ఉన్నదానికైతే ఇంత ఆలోచన అక్కరలేదు.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో, డ్రైవ్ అక్షరాలు మార్చే విండోస్ సాధనమైన డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఎంచుకున్నది సరైన డ్రైవేనా అని దాని పేరు, పరిమాణం చూసి నిర్ధారించుకోవాలి. కుడి క్లిక్ మెనూలో అక్షరం మార్చే ఎంపిక ఉన్న వరుసలోనే ‘ఫార్మాట్’ కూడా ఉంటుంది, చెయ్యి జారితే ఫైళ్లన్నీ పోతాయి. తరచూ తీసి పెట్టే పోర్టబుల్ డిస్క్‌కు ఎక్స్, వై వంటి చివరి అక్షరాన్ని ఇస్తే, మధ్యలో పెట్టే పెన్‌డ్రైవ్ దానిని ఆక్రమించే అవకాశం తగ్గుతుంది.