అమెరికా అబార్షన్ లెక్కలు చదివే పద్ధతి

ముందు అంకె ఎవరిదో చూడండి. 2020కి అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 6,20,327 అబార్షన్లు చూపితే, గట్‌మాకర్ అనే ప్రైవేటు పరిశోధన సంస్థ 9,30,160 చూపింది. సీడీసీకి రాష్ట్రాలు స్వచ్ఛందంగా వివరాలు పంపుతాయి. కాలిఫోర్నియా, మేరీలాండ్, న్యూ హాంప్‌షైర్ ఆ ఏడాది పంపలేదు. గట్‌మాకర్ నేరుగా క్లినిక్‌లనే అడుగుతుంది. కాబట్టి ఒక ఏడాదికి ఒకరి అంకె, మరో ఏడాదికి ఇంకొకరిది పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో తేల్చకండి.

తర్వాత దేనితో భాగించారో చూడండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రేటు అంటే 15–44 ఏళ్ల స్త్రీలు వెయ్యిమందికి ఎన్ని అని. సీడీసీ నిష్పత్తి మాత్రం వెయ్యి సజీవ జననాలకు ఎన్ని అని. ఉదాహరణకు 1,000 కాన్పులకు 200 అబార్షన్లు ఉంటే నిష్పత్తి 200. అబార్షన్లు అలాగే ఉండి కాన్పులు 800కు తగ్గితే అది 250 అవుతుంది. అబార్షన్ ఒక్కటీ పెరగలేదు!

గర్భం ఎన్ని వారాలదో ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అంటే ఆరు వారాలంటే గర్భం నిలిచి దాదాపు నాలుగు వారాలే. చాలామందికి అప్పటికి నెల తప్పిందన్న అనుమానం మాత్రమే ఉంటుంది. 2021 సీడీసీ లెక్కలో 93 శాతానికి పైగా అబార్షన్లు 13 వారాల లోపువే.

కారణాల పట్టికలో శాతాలను కూడకండి. 2004 గట్‌మాకర్ సర్వేలో 74 శాతం మంది చదువు, ఉద్యోగం లేదా ఇంట్లోవాళ్ల బాధ్యత దెబ్బతింటుందన్నారు, 73 శాతం మంది బిడ్డను పెంచే స్తోమత లేదన్నారు. ఒక్కొక్కరు ఒకటికి మించి కారణాలు చెప్పారు. "అసలు కారణం ఇదొక్కటే" అని రాసేవాళ్లు ఆ స్త్రీల మాటను సగానికి కోసేస్తున్నారు.